ఎనిమిదో ముక్క

ఆడపడుచు ఆసుపత్రికి రానంది.

మంగళ, గురు, శనివారాల్లో ఉదయం ఏడింటికి డయాలిసిస్. నాలుగేళ్లలో ఆవిడ ఒక్క రోజు మానలేదు. ఈ గురువారం ఆరున్నరకి సంచీ తెచ్చి గది బయట పెట్టి, లోపలికెళ్లి తలుపేసుకుంది. సంచీలో దుప్పటి, కళ్లద్దాలు, రాతకి అట్ట, పెన్సిలు ఉన్నాయి.

భర్త తలుపు తట్టాడు.

"అక్కా, ఏడవుతోంది."

"గడియారం నా గదిలోనూ ఉందిరా."

"మరి లే."

"లేచే కూర్చున్నాను."

"ఒక్క పూట మానితే ఏమవుతుందో తెలుసా నీకు?"

"నీకంటే బాగా తెలుసు. రేపటికి కాళ్లు వాస్తాయి, ఎల్లుండికి ఊపిరాడదు. ఎక్కడికి రమ్మంటావురా? పదకొండు వారాలుగా వాళ్ల కిడ్నీ లిస్టులో నేను లేనే లేను. లేని మనిషికి సూదులెందుకు?"

భర్త వెనక్కి తిరిగాడు. అతని భార్య వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మంగళవారం సాయంత్రం ఆమె ఆసుపత్రిలో జరిగిన తప్పు చెప్పినప్పటి నుంచి, ఎవరు చేశారని అడగడం తప్ప అతను ఆమెతో మాట్లాడింది మూడు సార్లు. రెండుసార్లు తాళంచెవి గురించి, ఒకసారి నీళ్ల గురించి.

"విన్నావా?"

"విన్నాను."

"నీ ఆసుపత్రి, నీ కంప్యూటర్లు. ఎవడు చేశాడీ పని అని రెండ్రోజుల నుంచి అడుగుతున్నాను. చూస్తున్నాం, చూస్తున్నాం అంటావు. ఇదిగో, ఇంట్లో మనిషి తలుపేసుకుంది. ముందిది చూడు."

"ఇవాళ మళ్లీ నడుపుతున్నామండీ. పంతొమ్మిది మంది దాతల లెక్కలూ."

"నడిపితే?"

"ఈ పదకొండు వారాల్లో వదినకి సరిపడే కిడ్నీ ఏదైనా వచ్చి వెళ్లిపోయిందేమో తెలుస్తుంది."

"వెళ్లిపోయి ఉంటే?"

వెనక కుళాయి కారుతోంది. ఆమె వెళ్లి కట్టేసి వచ్చింది.

లోపలి నుంచి ఆడపడుచు గొంతు వినిపించింది.

"మరదలా!"

"చెప్పండి వదినా."

"నన్ను వదిలేసిన కాగితం ఒకటుందన్నావే. టెంప్లేట్ అన్నావు. అది ప్రింటు తీసి నాకు తెస్తావా?"

"అందులో అన్నీ కంప్యూటర్ లైన్లు వదినా. మీకు అర్థం..."

"ముప్ఫై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. న్యాయశాస్త్రం దిద్దాను, పశువైద్యం దిద్దాను. నాకేం అర్థమయ్యాయని? తెస్తానంటే వస్తాను."

"తెస్తుందిలే అక్కా," అన్నాడు భర్త.

"నిన్నడగలేదు."

"తెస్తాను," అంది ఆమె.

గడియ తీసిన చప్పుడైంది.

*

ఆసుపత్రి కంప్యూటర్ గది రెండో అంతస్తులో, రక్తపరీక్షల విభాగం పక్కన ఉంది. రెండు బల్లలు, నాలుగు తెరలు, గోడవైపు అలమరల్లో యంత్రాలు. గదిలో ఇద్దరు పనిచేస్తారు. ఒకరు ఆమె. రెండో మనిషి ఆపరేటర్. అతనికి యాభై ఏడేళ్లు. కంప్యూటర్లో ఏ పని ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో ఒక నోటుపుస్తకంలో చేత్తో రాసుకుంటాడు. కంప్యూటరే అవి రాసి పెడుతుందని అందరూ చెప్పారు. అయినా మానలేదు. అందుకని అతన్ని గంటల మాస్టారంటారు.

అవయవదాత ఎవరైనా వచ్చినప్పుడు, ఆ దాత రక్తపరీక్ష ఫలితాన్ని వెయిటింగ్ లిస్టులో ఉన్న వాళ్లందరితో సరిచూడాలి. లిస్టు పెద్దది కాబట్టి దాన్ని ఎనిమిది ముక్కలు చేసి ఒకేసారి యంత్రాలకి పంపుతారు. ఆ పంపే పనికి బ్యాచ్ జాబు అని పేరు. ఎనిమిది ముక్కల ఫలితాలూ కలిపితే ఎవరు మొదటి స్థానంలో ఉన్నారో తెలుస్తుంది. మొదటి స్థానంలో ఉన్నవాళ్లకి ఫోను వెళుతుంది.

పదకొండు వారాల క్రితం దాకా ప్రతి జాబునూ గంటల మాస్టారు మొదటి లైను నుంచి చివరి లైను దాకా టైపు చేసేవాడు. అప్పుడప్పుడు ఒక అంకె తప్పేది. జాబు పడిపోయేది. మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ తిప్పలు తప్పించడానికి టెంప్లేట్ తయారైంది. అందులో రెండే ఖాళీలు ఉంటాయి. దాత నంబరు, తేదీ. అవి నింపి పంపితే చాలు. ఖాళీల కింద ఒక గీత, గీత కింద ఒక వాక్యం ఉన్నాయి: "ఇక్కడి నుంచి ఏదీ మార్చవద్దు."

ఆ వాక్యం రాసింది ఆమె. టెంప్లేట్ మొత్తం రాసింది ఆమే. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఎనిమిదో ముక్కలో ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి రక్తం ఎక్కించుకున్నవాళ్లు. వాళ్ల పరీక్షల జాబితాలు పొడవు. టెంప్లేట్ అడిగిన మెమరీ ఆ ముక్కకి చాలలేదు. చాలనప్పుడు యంత్రం ఆ ముక్కని మధ్యలోనే ఆపి చంపేస్తుంది. పంతొమ్మిది మంది దాతలు వచ్చారు. పంతొమ్మిది సార్లూ చంపేసింది. అయినా తెర మీద ఎనిమిది ముక్కలకీ ఎదురుగా పచ్చ రంగులో "పూర్తయింది" అనే కనిపించింది.

బయటపడింది కూడా తనిఖీ వల్ల కాదు. "నేనెన్నో నంబరులో ఉన్నానో చూడమ్మా" అని పోయిన వారం ఆడపడుచు అడిగింది. ఆమె వెతికింది. ఏ ఫలితంలోనూ ఆవిడ నంబరు లేదు.

ఎనిమిదింటికి ఆమె వచ్చేసరికి మాస్టారు మొదటి నాలుగు జాబులు సిద్ధం చేసి కూర్చున్నాడు.

"కొత్త టెంప్లేట్ ఒకసారి చూసుకోండి మేడం. నాకు భయంగా ఉంది."

ఆమె చూసింది. అందులో ఈసారి మెమరీ నాలుగింతలు అడిగేలా రాసింది. ఏ మెట్టు దగ్గర పడిపోతే అక్కడే ఆగిపోయి ఎర్ర రంగు చూపించేలా పైన ఒక లైను చేర్చింది. చివర, ఎనిమిదింటిలో ఎన్ని ముక్కలు నిజంగా ముగిశాయో లెక్క చెప్పే లైను చేర్చింది. గీత కింద "ఏదీ మార్చవద్దు" అన్నది తీసేసి "అనుమానం వస్తే ఆపి అడగండి" అని రాసింది.

మాస్టారు ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

"అడిగాను కదా మేడం."

ఆమె తెర వైపే చూసింది.

"ఎనిమిదో ముక్క మూడు నిమిషాల్లో అయిపోతోంది, మిగతావి నలభై నిమిషాలు తీసుకుంటున్నాయి, ఎందుకని అడిగాను. రెండో వారంలో. మీరు ఫోనులో ఉన్నారు. గ్రీన్ ఉందా అన్నారు. ఉందన్నాను. అయితే వదిలెయ్యి మాస్టారూ అన్నారు."

"గుర్తుంది."

"ఇందులో రాసుకున్నాను." నోటుపుస్తకం మీద చెయ్యి పెట్టాడు. "తారీఖు, టైము, మీరన్న మాట. ఏదో ఉద్దేశంతో కాదు. అన్నీ రాస్తాను, అదీ రాశాను."

"ఎవరికైనా చూపించారా?"

"లేదు. మీరే చెబుతారనుకుంటున్నాను."

మొదటి నాలుగూ పంపాడు. నలభై నిమిషాలు ఇద్దరూ తెర చూస్తూ కూర్చున్నారు. ముగిశాక తెర మీద "8లో 8" అని వచ్చింది. ఎనిమిదో ముక్క బతికింది. నాలుగు ఫలితాల్లోనూ ఆడపడుచు నంబరు ఉంది. ముప్ఫై ఒకటో స్థానం, పన్నెండు, నలభై, పంతొమ్మిది. దేనిలోనూ మొదటి స్థానం కాదు.

"మంచిదే కదా మేడం?" అన్నాడు మాస్టారు.

మొదటి స్థానం రాకపోవడమే మంచిదనుకోవాల్సిన చోటికి వచ్చారిద్దరూ. ఆమె తల ఊపింది.

తొమ్మిదిన్నరకి సెక్షన్ హెడ్ వచ్చాడు. గుమ్మంలోంచి ఆమెను వరండాలోకి పిలిచాడు.

"పన్నెండింటికల్లా సూపరింటెండెంట్‌కి రిపోర్టు ఇవ్వాలి మేడం. ఒక పేజీ చాలు. ఆపరేటర్ సరిగా గమనించలేదు, అంతే."

"టెంప్లేట్..."

"టెంప్లేట్ జోలికి వెళ్లకండి. దాని కింద నా సంతకం కూడా ఉంది. ఆయనకెలాగూ ఇంకా మూడేళ్లే సర్వీసు. మహా అయితే కొన్నాళ్లు ఇంట్లో కూర్చుంటాడు. మీ ఆడపడుచు కూడా ఆ లిస్టులోనే ఉన్నారట. మీ బాధ నాకు తెలియదా? అందుకే మీ చేతే రాయిస్తున్నాను. మీరు రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు."

"పన్నెండింటికి ఇస్తాను," అంది ఆమె. ఏమిస్తానన్నది చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి పన్నెండు జాబులు పూర్తవబోతున్నాయి. మొదటి స్థానం ఇంకా రాలేదు.

ఆమె పాత టెంప్లేట్ తెరిచింది. ఇరవై రెండు లైన్లు. మొదటి లైనులో "రాసినవారు" అని, దాని పక్కన ఆమె పేరు. ఆ ఒక్క లైను వదిలేసి మిగతాది ప్రింటు తీయొచ్చు. రెండో లైను నుంచి సెలెక్ట్ చేసింది. కాసేపు అలాగే ఉంచింది. తర్వాత అంతా ప్రింటు తీసింది.

*

డయాలిసిస్ వార్డులో పదకొండు మంచాలు. ఆడపడుచుది కిటికీ పక్కది. ఎడమచేతికి సూదులు, కుడిచేయి ఖాళీ. ఆలస్యంగా రావడంతో యంత్రం పావుతక్కువ ఎనిమిదికి మొదలైంది. పావుతక్కువ పన్నెండు దాకా నడుస్తుంది. మంచం పక్కన ఒకే కుర్చీ ఉంది.

"తెచ్చావా?"

ఆమె కాగితం ఇచ్చింది. ఆడపడుచు అట్ట మీద పెట్టుకుంది. పెన్సిలు తీసి, కాగితం అడుగున చివరి లైను కింద ఆనించింది.

"పైనుంచి మొదలుపెట్టరా?"

"కింది నుంచి పైకి చదువుతాను. పైనుంచి చదివితే రాసినవాడు చెప్పాలనుకున్నది మనమే కలిపేసుకుంటాం. తప్పు తప్పించుకుంటుంది. కింది నుంచి వస్తే ఏ లైనుకి ఆ లైను దొరుకుతుంది." పెన్సిలు కదిలింది. "ఈ చివరి లైను ఏం చేస్తుంది?"

"పని జరుగుతున్నప్పుడు తాత్కాలికంగా కొన్ని ఫైళ్లు పుడతాయి వదినా. అవి తుడిచేస్తుంది."

"ఊడవడం అన్నమాట."

"అవును."

"ఊడ్చాక ఏమవుతుంది?"

"అయిపోయిందని చెబుతుంది."

"ఏది అయిపోయిందని? ఊడవడమా, పనా?"

పక్క మంచం దగ్గర మోగుతున్న యంత్రం మీట నర్సు నొక్కింది. చప్పుడు ఆగింది.

"ఊడవడం," అంది ఆమె. "చివరి లైను సవ్యంగా నడిస్తే మొత్తం సవ్యంగా నడిచినట్టు చూపిస్తుంది. మధ్యలో అసలు పని పడిపోయినా, కింద ఊడ్చే లైను మాత్రం నడిచేది. పచ్చ రంగు వచ్చేది."

"శవాన్ని పక్కకి జరిపి, ఇల్లు ఊడ్చి, అంతా బాగుంది అని చెప్పిందన్నమాట."

"వదినా..."

"నవ్వాలమ్మా. నేను నవ్వకపోతే నువ్వు ఏడుస్తావు. వార్డంతా చూస్తుంది." చివరి లైను పక్కన పెన్సిలుతో చిన్న సున్నా చుట్టింది. "ఎంతమంది ఆ ముక్కలో? నేనొక్కదాన్నేనా?"

"నూట నలభై నాలుగు మంది. మీతో కలిపి."

"మిగతా నూట నలభై ముగ్గురికీ తెలుసా?"

"ఇంకా లేదు."

"వాళ్ల ఇళ్లలో ఈ కాగితం తెచ్చి చూపించేవాళ్లు ఉండరు."

పెన్సిలు పైకి కదిలింది. ఇరవై. పద్దెనిమిది. పదిహేనో లైను దగ్గర ఆగి అంకె ఏమిటని అడిగింది. మెమరీ అని ఆమె చెప్పింది. అక్కడ రెండో సున్నా పడింది. గీత కింది వాక్యం మాత్రం ఆడపడుచు బయటికి చదివింది.

"ఇక్కడి నుంచి ఏదీ మార్చవద్దు. ఇంతవరకూ ఈ ఒక్క ముక్కే మన భాషలో ఉంది. కమాండరులా రాశాడు. ఎవరు..."

ఆగింది. ఆవిడ కళ్లు వరుస తప్పి మొదటి లైను మీదికి వెళ్లాయి. ముప్ఫై ఏళ్లలో అలా చేసి ఉండదు.

యంత్రంలో రక్తం గొట్టం వెంట తిరుగుతోంది. ఆమె ఆ గొట్టాన్నే చూసింది.

"నీ పేరుంది," అంది ఆడపడుచు.

"నేనే రాశాను."

"మంగళవారం చెప్పలేదే."

"చెప్పలేకపోయాను."

"వాడికి?"

"చెప్పలేదు."

ఆడపడుచు కాగితాన్ని అట్ట మీద సర్దింది. అక్కర్లేదు, అది సర్దే ఉంది.

"ఒకటి చెప్పు. ఎవరూ కనిపెట్టలేదా? పదకొండు వారాల్లో ఒక్కరు కూడా?"

"ఆపరేటర్ కనిపెట్టాడు. రెండో వారంలో నన్నడిగాడు. వదిలెయ్యమన్నాను."

"ఎందుకు?"

"గ్రీన్ ఉంది కదా అని."

ఆడపడుచు కళ్లద్దాలు తీసి దుప్పటి మీద పెట్టింది. ఒంటిచేత్తో మడవలేకపోయింది. ఆమె మడవబోయింది. ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టింది.

"నాలుగేళ్లుగా నాకు వండి పెడుతున్నావు. ఉప్పు లేకుండా నాకు వేరుగా, మీకు వేరుగా. ఒక్క రోజు విసుక్కోలేదు. నేనిప్పుడు నిన్ను ఏమనాలో కూడా తెలీడం లేదే. తిడదామంటే నోరు రావడం లేదు. ఊరుకుందామంటే ఊపిరాడడం లేదు."

"తిట్టండి వదినా."

"నీకు సులువవుతుందనా?"

ఆమె తల దించుకుంది.

"ప్రూఫులో తప్పు కనిపిస్తే గుర్తు పెడతాను," అంది ఆడపడుచు. కాగితం తిరిగి ఆమె ఒళ్లో పెట్టింది. "దిద్దాల్సింది అక్షరాలు కూర్చినవాళ్లు. అది నా పని కాదు. వాడికి నేను చెప్పను. అడిగితే అబద్ధమూ చెప్పను."

పావుతక్కువ పదకొండుకి గంటల మాస్టారు వార్డు గుమ్మంలో కనిపించాడు. చేతిలో మడిచిన కాగితం ఉంది. మామూలుగా లోపలికి నడిచొచ్చి చెప్పే మనిషి. అక్కడే నిలబడ్డాడు.

ఆమె లేవబోయింది.

"కూర్చో," అంది ఆడపడుచు. "ఆయన్నే రమ్మను. కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడంటే అందులో ఏముందో నాకు తెలిసిపోయింది. విననీ."

మాస్టారు వచ్చాడు. ఆమెకి ఇవ్వాలో ఆడపడుచుకి ఇవ్వాలో తేల్చుకోలేక కాగితం దుప్పటి మీద పెట్టాడు.

"పద్నాలుగో దాత అమ్మా," అన్నాడు. "మూడు వారాల క్రితం బుధవారం. ఎనిమిదికి ఎనిమిది ముక్కలూ ముగిశాయి. నేను రెండుసార్లు సరిచూసుకున్నాను."

"స్థానం?"

"మొదటిది."

ఆడపడుచు కళ్లద్దాలు పెట్టుకోలేదు. కాగితం చూడలేదు.

"ఆ బుధవారం నేను ఇంట్లోనే ఉన్నాను," అంది. "కిటికీ పక్కన. ఫోను ఒళ్లోనే పెట్టుకున్నాను. సిగ్నల్ అక్కడ బాగుంటుందని." కాస్త ఆగింది. "ఎవరికి వెళ్లింది?"

"పేర్లు మాకు తెలియవమ్మా."

"బతికే ఉన్నారా?"

"ఉన్నారు. లిస్టులోంచి ఆ నంబరు తీసేశారు. ఇక అవసరం లేదని."

"సరే," అంది ఆడపడుచు. "ఎవరో ఒకరు లేచి నడుస్తున్నారు." ముఖం కిటికీ వైపు తిప్పుకుంది.

మాస్టారు ఇంకా నిలబడే ఉన్నాడు. నోటుపుస్తకం చంకలో ఉంది. ఆమె అతని వైపు చూసింది. అతను గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండుకి గంటా పది నిమిషాలు ఉంది.

"మీ పుస్తకం ఒకసారి ఇస్తారా మాస్టారూ?"

అతను ఇచ్చాడు. ఆమె రెండో వారం పేజీ తీసి, తన పేరున్న టెంప్లేట్ కాగితం అందులో పెట్టి మూసింది. మాస్టారు పుస్తకం ఆమె దగ్గరే వదిలి మెల్లగా బయటికి నడిచాడు.

అతను గుమ్మం దాటుతుండగా భర్త లోపలికి వచ్చాడు. అక్కని ఇంటికి తీసుకెళ్లడానికి పనిలోంచి గంట ముందే బయల్దేరాడు. అక్క కిటికీ వైపు తిరిగి ఉండటం చూశాడు. దుప్పటి మీద మడిచిన కాగితం చూశాడు. ఎవరూ చెప్పకుండానే దాన్ని తీసి, విప్పి చదివాడు. రెండోసారి చదివాడు. మూడోసారికి కాగితం పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

"మొదటి స్థానమా?" అన్నాడు.

కాగితం మళ్లీ పైకెత్తి తేదీ చూశాడు.

"మూడు వారాల క్రితం? అక్కా? అంటే మూడు వారాల క్రితమే ఇదంతా..." యంత్రం వైపు చెయ్యి చూపించాడు. మాట పూర్తి కాలేదు. భార్య వైపు తిరిగాడు. "ఎవడు రాశాడట ఆ టెంప్లేట్? ఇవాళైనా తెలిసిందా? పేరు చెప్పు నాకు. వాడి ఇంటికెళ్లి అడుగుతాను. వాడికి అక్క ఉందో లేదో అడుగుతాను."

ఆడపడుచు కిటికీ వైపే చూస్తోంది. కుడిచేతిలో పెన్సిలు అలాగే ఉంది.

ఆమె ఒళ్లోని పుస్తకం తీసుకుని లేచింది. ఉన్న ఒక్క కుర్చీని అతని వైపు జరిపింది.

"మీరు కూర్చోండి, చెబుతాను," అంది.